పిటిషన్ వేసేముందు మూడు నెలలు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఏడేళ్ల పాప. మీ ఆయన ఉండి దగ్గర రొయ్యల చెరువులు చేస్తారు. ఆర్నెల్లుగా మీరు పాలకొల్లులో పుట్టింట్లో ఉండి ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటున్నారు. చెయ్యి చేసుకోవడం, కట్నం కోసం వేధించడం లేవు గానీ నాలుగేళ్లుగా ఇంట్లో మాటల్లేవు. ఆయనకు వేరే సంబంధం ఉందని మీకు అనుమానం. మీ అన్నయ్యలు స్టేషన్‌లో కేసు పెట్టేద్దామంటున్నారు. అమ్మగారు పాప కోసం సర్దుకుపొమ్మంటున్నారు. పెద్దమనుషులేమో స్టాంపు పేపరు మీద రాసేసుకుని తెగతెంపులు చేసేద్దామంటున్నారు. గౌరవంగా విడిపోవాలంటే ముందు ఏం చెయ్యాలని మీరు అడిగారు.

ఇరవై నాలుగేళ్లుగా భీమవరం, నరసాపురం కోర్టుల్లో ప్రాక్టీసు చేస్తున్నాను. ఎక్కువగా చూసినవి ఈ కేసులే. నేను చెప్పేది ఒకటే. ఇంకో మూడు నెలలు ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, ఏ కేసూ వెయ్యకండి. ఊరికే కూర్చోమని కాదు. ఈ మూడు నెలల్లో మీరు సర్దుకునే పనులే తర్వాత కోర్టులో మిమ్మల్ని నిలబెడతాయి. ఆయన మీ మీద చెయ్యెత్తినా, బెదిరించినా, పాపను ఎత్తుకుపోతానన్నా మాత్రం ఈ మాట వర్తించదు. అప్పుడు వెంటనే పోలీసులకు 112కో, మహిళా హెల్ప్‌లైన్ 181కో ఫోన్ చెయ్యండి. దెబ్బలుంటే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని రాయించుకోండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ప్రాక్టీసులో మూడో ఏట నేనొక తప్పు చేశాను. ఒకమ్మాయిని వాళ్లన్నయ్య వెంటబెట్టుకొచ్చాడు. మాటలన్నీ ఆయనే మాట్లాడాడు. నేను అమ్మాయిని పక్కకు పిలిచి అడగకుండానే ఫిర్యాదు రాసేశాను. అత్తగారు, ఆడపడుచు, ఎక్కడో దూరాన ఉద్యోగం చేసుకుంటున్న ఆడపడుచు భర్త, అందరి పేర్లూ అందులో ఉన్నాయి. అప్పటిదాకా సామరస్యంగా తెంచుకుందామన్న అవతలివాళ్లు ఆ రోజుతో బిగుసుకుపోయారు. విడాకులకు ఏడేళ్లు పట్టింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆడపడుచు భర్త గురించి అడిగితే ఆ అమ్మాయి దగ్గర సమాధానం లేదు. బంగారం జాబితా ముందుగా రాసిపెట్టుకోలేదు కాబట్టి బంగారమూ తిరిగి రాలేదు. ఒకరోజు కోర్టు వరండాలో నాతో అంది: "నాకేం కావాలో నన్నెవరూ అడగలేదండి మేడమ్." అప్పటి నుంచి ఆడకూతురు ఒక్కతే వచ్చి కూర్చుని మాట్లాడేదాకా నేను పెన్ను తియ్యను.

కాబట్టి మీ అన్నయ్యలకు నెమ్మదిగా చెప్పండి. భర్త, అత్తింటివాళ్ల వేధింపుల మీద పెట్టే పాత 498ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్, హింస పడ్డవాళ్లకు చాలా అవసరమైన చట్టం. జరగనిది జరిగినట్టు రాసి దాన్ని వాడితే మీ నిజానికి కూడా విలువ పోతుంది. మీకు జరిగింది చిన్నదని నేననడం లేదు. ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, ఏళ్లతరబడి మనిషిని లేనట్టు చూడడం కూడా 2005 గృహహింస చట్టం లెక్కలో హింసే. అవసరమైతే ఆ చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర డీవీసీ (గృహహింస కేసు) వేసి ఖర్చులు, బంగారం, ఉండడానికి చోటు అడగొచ్చు. ఆ దారి మీకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

పెద్దమనుషుల కాగితం సంగతి. మన డెల్టాలో ఇప్పటికీ ఇది నడుస్తోంది. వంద రూపాయల స్టాంపు మీద "ఇకమీదట ఒకరి మీద ఒకరికి ఎటువంటి హక్కులూ లేవు" అని రాసి, సాక్షి సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర వేయించి ఇస్తారు. అది విడాకులు కాదు. హిందూ వివాహ చట్టం 29(2) ప్రకారం కులాచారంగా విడాకులు ఉన్నచోట అవి చెల్లుతాయి గానీ, ఆ ఆచారం ఎప్పటినుంచో ఉందని కోర్టులో రుజువు చెయ్యాలి. ఆ రుజువు నిలబడడం కష్టం. ఆ కాగితం నమ్మి రెండో పెళ్లి చేసుకుంటే న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడే నేరం. పెద్దమనుషులు కూర్చోవడం మంచిదే, లెక్కలు తేలడానికి వాళ్ల మాట పనికొస్తుంది. తేలిన లెక్క మాత్రం కోర్టు డిక్రీలోకి ఎక్కాలి.

మీకు సరిపోయే దారి పరస్పర అంగీకారం, అంటే హిందూ వివాహ చట్టంలో 13బీ సెక్షన్. ఏడాది పాటు భార్యాభర్తలుగా కలిసి బతకకుండా ఉండాలి. మీరు వచ్చేసి ఆర్నెల్లయింది కాబట్టి ఇంకో ఆర్నెల్లుంది, నేనడిగే మూడు నెలలు అందులోనే పోతాయి. ఇద్దరూ కలిసి పిటిషన్ వేశాక ఆరు నెలల నుంచి పద్దెనిమిది నెలల లోపు రెండోసారి వచ్చి ఒప్పుకోవాలి. లెక్కలన్నీ తేలిపోయి, ఇక కలిసే అవకాశం లేదని తేలితే ఆ ఆరు నెలలు మాఫీ చెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. గుర్తుంచుకోవాల్సిందల్లా డిక్రీ వచ్చేదాకా ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. అందుకే డబ్బు, బంగారం ఇచ్చిపుచ్చుకోవడం రెండు విడతలుగా పెట్టుకోండి. కొంత మొదటి పిటిషన్ రోజు, మిగిలింది రెండో వాయిదా రోజు జడ్జిగారి ముందు డీడీగా. ఆయన ఒప్పుకోకపోతే క్రూరత్వం లాంటి కారణంతో 13వ సెక్షన్ కింద మీరొక్కరే వెయ్యాలి. అది ఏళ్ల పని. పెళ్లి అన్నవరంలో జరిగిందని అంత దూరం వెళ్లనక్కర్లేదు. 2003 సవరణ తర్వాత భార్య తానున్న చోట వేసుకోవచ్చు. (చర్చిలో పెళ్లయిన క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం. గడువులు వేరుగా ఉంటాయి, వాళ్లు ఇది చదివి లెక్క వేసుకోవద్దు.)

ఈలోగా ఆయనే కాపురానికి రమ్మని లాయరు నోటీసు పంపొచ్చు. మీరే వదిలేసి వెళ్లారని రికార్డు కోసం చేసే పని అది. చించెయ్యకండి, జవాబివ్వండి. ఎందుకు వచ్చేశారో, ఏ రోజు వచ్చారో ఇప్పుడే తేదీలతో ఒక నోటుబుక్కులో రాసుకోండి. పాత చిరునామాకు సమన్లు వెళ్లి, మనిషి రాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయిన కేసులు చూశాను. ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరు కొడితే మీ మీద ఏదైనా కేసు నమోదైందో లేదో తెలుస్తుంది. నెలకోసారి చూసుకోండి.

ఇక డబ్బు. మీ విషయంలో నాకు ఎక్కువ భయం ఇక్కడే ఉంది. చెరువుల ఇల్లు ఉద్యోగస్తుల ఇల్లులా ఉండదు. ఒక పంటకు లక్షలు, ఇంకో పంటకు తెల్లమచ్చ తెగులు తగిలి అప్పులు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడ రేటు ఎలా పడిందో మీరూ చూసే ఉంటారు. మీ ఆయన కోర్టులో "నష్టాలండి" అంటే అది అబద్ధం కాకపోవచ్చు, పూర్తి నిజమూ కాకపోవచ్చు. లీజులు నోటిమాట మీద, కూలీలకు నగదు, రొయ్య అమ్మిన డబ్బులో సగం మేత డీలరు ఖాతాకే పోతుంది. పే స్లిప్ అంటూ ఉండదు. అందుకని ఎన్ని ఎకరాలు, ఎవరి దగ్గర లీజు, మేత ఎవరి దగ్గర, రొయ్యపిల్ల ఏ హేచరీ నుంచి, కరెంటు సర్వీసు నంబర్లు, రొయ్య ఏ ప్లాంటుకు వెళ్లింది, ఏ బ్యాంకులో డబ్బు పడింది, మీకు తెలిసినదంతా రాసుకోండి. 2020లో సుప్రీంకోర్టు రజనీశ్-నేహ కేసులో భరణం అడిగినప్పుడు ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయం ప్రమాణ పత్రంగా దాఖలు చెయ్యాలని చెప్పింది. ఆయన పత్రంలో ఏది రాయలేదో పట్టుకోవడానికి మీ నోటుబుక్కు కావాలి. మీదీ దాచకండి. పద్దెనిమిది వేలు వస్తే పద్దెనిమిది వేలనే రాయండి. సంపాదిస్తున్నంత మాత్రాన భరణం హక్కు పోదు, పాప ఖర్చు మాత్రం ఎలాగూ తండ్రి మీద ఉంటుంది.

నెలనెలా ఇస్తాననే ఒప్పందం చెరువుల మనిషి దగ్గర నేను ఇష్టపడను. ఆయన చెడ్డవాడని కాదు. పంట పోయిన నెల ఆయన దగ్గర నిజంగానే ఉండదు, మీరు మళ్లీ కోర్టుకెక్కాలి. ఒకేసారి ఒక మొత్తం, దానిలో కొంత పాప పేరున బ్యాంకు డిపాజిట్‌గా, పంట చేతికొచ్చిన సమయం చూసుకుని అడగడం మేలు. భార్యకు ఆస్తిలో సగం వస్తుందని చాలామంది అనుకుంటారు. మన చట్టంలో అలాంటి నియమం లేదు.

ఇంతకన్నా ముందు చూడాల్సింది మీ సంతకాలు. ఈ తొమ్మిదేళ్లలో ఎక్కడెక్కడ సంతకం పెట్టారో గుర్తు తెచ్చుకోండి. మేత డీలరుకు ఖాళీ చెక్కులు, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుకు ప్రామిసరీ నోటు, ఇంటి లోన్‌లో సహ రుణగ్రహీతగా, డ్వాక్రా గ్రూపులో మీ పేరున తీసుకుని చెరువులో పోసిన డబ్బు. విడాకుల డిక్రీ బ్యాంకునూ డీలరునూ కట్టిపడెయ్యదు, సంతకం ఎవరిదైతే వాళ్లనే అడుగుతారు. మీ చెక్కుబుక్కులో వాడనివి ఏ నంబర్లో చూసి, అవి ఎక్కడున్నాయో తెలియకపోతే చెల్లింపు ఆపమని బ్యాంకుకు రాసిచ్చి రసీదు తీసుకోండి. ఎవరికైనా ఇచ్చిన చెక్కయితే అలా ఆపేస్తే చిక్కొస్తుంది, ముందు లాయరును అడగండి. ప్రామిసరీ నోట్ల లెక్క పెద్దమనుషుల ముందే తేల్చమనండి. ఇవి ఎవరు తీర్చాలో 13బీ ఒప్పందంలో ఒక్కొక్కటీ పేరుపెట్టి రాయించాలి. బంగారం, భరణం, పాప గురించి గంటలకొద్దీ మాట్లాడుకుని నోట్ల గురించి ఒక్క ముక్క రాయకుండా లేచిపోయిన ఒప్పందాలు నాకు తెలుసు. రెండేళ్ల తర్వాత ఆ ఆడవాళ్లకు చెక్ బౌన్స్ సమన్లు వచ్చాయి.

బంగారం దగ్గరకొద్దాం. పెళ్లికి మీ వాళ్లు పెట్టింది, అత్తవారు మీకు పెట్టింది, అన్నీ మీ స్త్రీధనమే. హారం ఎన్ని కాసులు, వడ్డాణం ఎన్ని, నల్లపూసలు, గాజులు, చెవులవి, వస్తువు వస్తువుగా రాయండి. పెళ్లి ఆల్బమ్‌లో ఏ ఫొటోలో ఏ నగ కనిపిస్తుందో నంబరు వెయ్యండి. కొట్టు బిల్లులు అమ్మగారి బీరువాలో ఉంటాయి, వెతికించండి. తాకట్టులో ఉన్నది ఎంత, ఎక్కడ, ఎవరి పేరున అన్నది ముఖ్యం. లోన్ ఆయన పేరున ఉంటే వేలం నోటీసు ఆయనకే వెళ్తుంది, మీకు తెలిసేలోపు నగ కరిగిపోతుంది. ఎక్కువ చేసి మాత్రం రాయకండి. కట్నం ముప్ఫై లక్షలు నగదు ఇచ్చామని రాస్తే, మీ నాన్నగారు ఆ డబ్బు ఎక్కడిదో చెప్పాల్సి వస్తుంది.

పసుపు కుంకుమ కింద మీ నాన్నగారు యాభై సెంట్ల కొబ్బరితోట ఇచ్చారని రాశారు. ఇచ్చారంటే ఎలా ఇచ్చారు? రిజిస్టరు చేసిన గిఫ్ట్ దస్తావేజు మీ పేరున ఉంటే అది పూర్తిగా మీ సొంతం. ఇన్నాళ్లూ దింపు డబ్బు ఆయన తీసుకున్నా ఆస్తి ఆయనది కాదు. నోటిమాటగా ఇచ్చి పాస్‌బుక్ ఇంకా నాన్నగారి పేరునే ఉంటే, ఇప్పుడే ఆయన చేత మీ పేరున గిఫ్ట్ రాయించుకోండి. ఆయన ఆరోగ్యం బాగున్నప్పుడే. అల్లుడి పేరున రిజిస్టరు అయి ఉంటే మాత్రం కష్టమైన కథ. సర్వే నంబరుతో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీయించి, మీభూమి వెబ్‌సైట్‌లో 1-బీ, అడంగల్ (భూమి ఎవరి పేరున, ఎవరి సాగులో ఉందో చూపే రికార్డులు) చూడండి.

ఇంకో మాట, ఇది మీ పుట్టింటివాళ్లకు నచ్చకపోవచ్చు. ఈ సమయంలో "నీకు కట్నం ఇచ్చేశాం కదా, ఇక్కడ ఓ సంతకం పెట్టు" అని హక్కు విడుదల పత్రం ముందు పెడితే పెట్టకండి. కట్నం ఇచ్చినంత మాత్రాన కూతురి వాటా పోదు. 2005 సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కుంది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని స్పష్టం చేసింది. మీ అన్నయ్యలు అలాంటివాళ్లని నేననడం లేదు. కానీ మనసు కుంగిన ఆడపిల్ల, నీడ ఇచ్చారన్న కృతజ్ఞతతో ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తుంది. ఆ నీడకు ప్రతిగా నెలకు మీరెంత ఇవ్వగలరో మొదటి నెలలోనే వదినలతో కూర్చుని మాట్లాడుకోండి. మూడు వేలైనా సరే. మీకు ఆ ఇంట్లో తలెత్తుకు తిరిగే వీలు దాంతో వస్తుంది.

చిన్న పనులు కొన్ని, ఒక్క వారంలో అయిపోయేవి. ఆయన ఖాతా లేని బ్యాంకులో మీ ఒక్కరి పేరున ఖాతా తెరిచి జీతం దాంట్లోకి మార్చుకోండి. ఆధార్‌కు మీ ఫోన్ నంబరే లింకై ఉందో లేదో చూసుకోండి, చాలామందికి భర్త నంబరే ఉంటుంది, ఓటీపీలన్నీ అక్కడికే వెళ్తాయి. జీమెయిల్, యూపీఐ పాస్‌వర్డులు మార్చండి. పాప జనన ధ్రువపత్రం, టీకాల కార్డు, మీ డిగ్రీ సర్టిఫికెట్లు, పెళ్లి శుభలేఖ, గుడి రసీదు తెచ్చుకోండి, లేదంటే ఫొటోలైనా తీసుకోండి. ఉమ్మడి ఖాతాలో డబ్బంతా ఒక్కసారి లాగెయ్యొద్దు, కోర్టులో అది మీకే ఎదురు తిరుగుతుంది.

వేరే సంబంధం విషయం. 2018 నుంచి అది నేరం కాదు, విడాకులకు కారణం మాత్రమే. రుజువు చెయ్యాలంటే ఆ ఆడమనిషిని కూడా కేసులోకి లాగాలి, ఊరంతా అదే మాట. మీకు కావాల్సింది గౌరవంగా బయటపడడం కాబట్టి దాని మీద కేసు కట్టొద్దని నా సలహా. భార్యాభర్తలు మాట్లాడుకున్నది ఒకరు రహస్యంగా రికార్డు చేసినా వివాహ కేసుల్లో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అది చూసి ఆయన ఫోన్లో యాప్‌లు పెట్టించే ప్రయత్నం చెయ్యకండి, అది వేరే నేరం. మీకు వచ్చిన మెసేజీలు మాత్రం చెరపకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి.

పాప గురించి మీరు ఒకే వాక్యం రాశారు: "దానికి ఇంకా ఏమీ చెప్పలేదు." అమ్మా, ఏడేళ్ల పిల్లకు తెలియదనుకోవద్దు. నాన్న పనుల మీద ఊరెళ్లాడని చెబితే, ఆర్నెల్లు ఫోన్ కూడా చెయ్యని నాన్న తనను వదిలేశాడని అది ఒంటరిగా అనుకుంటుంది. "నాన్న, నేను వేరువేరు ఇళ్లలో ఉంటాం, నువ్వు ఇద్దరికీ కూతురివే, ఇందులో నీ తప్పేం లేదు" అన్నంత చాలు. ఈ మాట ఆయన కూడా చెబితే ఇంకా మంచిది. కేసు ఎలా నడిచినా ఆదివారాలు తండ్రిని చూడనివ్వండి. కోర్టు చూసేది పిల్ల క్షేమం. తండ్రిని దూరం పెట్టిన తల్లిని కూడా అదే కళ్లతో చూస్తుంది. ఆయనకు కబురు పాప చేత పంపకండి, ఫీజు డబ్బుల మాట అయినా సరే. స్కూలు మార్చాలంటే జూన్ దాకా ఆగండి. మీరు పిల్ల భరణం వదులుకుంటానని రాసిచ్చినా అది పిల్ల హక్కు, మీరు వదిలేస్తే పోయేది కాదు. అందుకని పంతానికి "మాకేం వద్దు" అనకండి.

మీ మనసు సంగతి. మీరు రాసిన దాంట్లో రాత్రి రెండింటికి మెలకువ వస్తోందని ఉంది. తిండి, నిద్ర రెండు వారాలు సరిగా లేకపోతే డాక్టరుకు చూపించుకోండి. టెలీ మానస్ 14416 నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా చెయ్యండి. ఇంట్లో అందరికీ అన్నీ చెప్పనక్కర్లేదు. ఒక్క మనిషిని ఎంచుకోండి, తీర్పు చెప్పకుండా వినేవాళ్లను. మన వైపు అన్నిటికన్నా బరువైన రోజు మొదటి సంక్రాంతి. వీధిలో ప్రతి ఇంటికీ అల్లుడు దిగుతాడు, మీ ఇంట్లో ఆ కుర్చీ ఖాళీగా ఉంటుంది, పేరంటానికి వచ్చినవాళ్లు "అల్లుడుగారు రాలేదా అండి" అని తెలిసే అడుగుతారు. నా దగ్గరకు వచ్చే ఆడవాళ్లు ఆ మూడు రోజుల తర్వాతే ఎక్కువగా "రాజీ పడిపోతానండి" అంటూ ఫోన్ చేస్తారు. ఆ వారంలో ఏ నిర్ణయం తీసుకోకండి. వీలైతే పాపతో ఓ స్నేహితురాలి ఇంటికి వెళ్లిరండి. మంగళసూత్రం తియ్యాలా ఉంచాలా అని కూడా అడిగారు. చట్టానికి దానితో పని లేదు. అది మీ ఇష్టం, దాన్ని ఎవరూ తొందరపెట్టకూడదు.

అమ్మగారి మాట పూర్తిగా తోసెయ్యకండి. ఆవిడ భయపడేది లోకానికి మాత్రమే కాదు, తన తర్వాత మీరు ఒంటరి అవుతారని. నోటుబుక్కు నిండాక ఆవిడ పక్కన కూర్చుని అది చదివి వినిపించండి. లెక్క కనబడితే పెద్దవాళ్ల భయం కొంత తగ్గుతుంది, ఇది నేను చాలా ఇళ్లలో చూశాను.

లాయరు ఫీజు గురించి: ఆదాయంతో సంబంధం లేకుండా ప్రతి మహిళకూ 1987 న్యాయసేవల చట్టం కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. ఏలూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గానీ, మీ దగ్గరి కోర్టులోని మండల కమిటీకి గానీ అర్జీ పెట్టుకోవచ్చు. ఫోన్ 15100. సొంతంగా పెట్టుకుంటే ఫీజు విడతలుగా ఎంతో ముందే రాయించుకోండి, అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకండి, జెరాక్సులే. మొదటిసారి వెళ్లేటప్పుడు అన్నయ్యను బయట కూర్చోమనండి.

ముందుగా ఈ వారంలో ఒక్క పని చెయ్యండి. కొబ్బరితోట సర్వే నంబరు నాన్నగారిని అడిగి ఈసీ తీయించండి. అందులో ఎవరి పేరు వచ్చిందో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి తోట విషయంలో ఏం చెయ్యాలో చెబుతాను.